వంక దారి, కాలువ దారి

రాత్రి బడిలో ఒక అక్క అడిగింది. "టీచరమ్మా, మా చేను కాలువ పక్కనే ఉంది. అయినా నీళ్లు పారవు. గట్టు అవతల చేలకు పారతాయి. ఎందుకని?"

మంచి ప్రశ్న. అక్కలారా, వంకనూ కాలువనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

వంకను ఎవరూ తవ్వలేదు. వాన నీరే పల్లం వెతుక్కుంటూ దారి చేసుకుంది. వానలు ఆగితే వంక ఎండిపోతుంది.

కాలువను మనుషులు తవ్వారు. అది పల్లంలో పోదు. మెరకను పట్టుకొని, కొద్దికొద్దిగా దిగుతూ పోతుంది. అందుకే దిగువ చేలకు నీరు తనంతట తానే పారుతుంది. అక్కడ వరి పండుతుంది. కాలువకు ఎగువన ఉన్న చేను పక్కనే ఉన్నా మెట్టే. అక్క చేను అలాంటిదే. దానికి గట్లు వేసి వాన నీరు నిలిపితే జొన్న, కంది పండుతాయి.

మన కర్నూలు-కడప కాలువనే చూడండి. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ దీన్ని తవ్వించడం మొదలుపెట్టింది. 1882లో ప్రభుత్వం కొన్నది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు పోతుంది. కర్నూలులో హంద్రి అడ్డం వచ్చింది. అక్కడ వంతెనలాగా కట్టి, ఏటి మీదుగా కాలువను దాటించారు. ముందుకు పోతే నిప్పులవాగు, గాలేరు, కుందూ ఉన్నాయి. కొంత దూరం కాలువ నీళ్లు వీటిలోనే పోతాయి. రాజోలి ఆనకట్ట దగ్గర మళ్లీ కాలువలోకి తిప్పారు. చూశారా? కాలువకు వాగే తోడు.

వంకకు ఇంకో పని ఉంది. వరి మళ్లలో ఎక్కువైన నీరు వంకలోకి దిగిపోవాలి. కొందరు వంకను పూడ్చి చేనులో కలుపుకుంటారు. అప్పుడు నీళ్లు పోయే దారి ఉండదు. నల్లరేగడిలో నీరు తొందరగా ఇంకదు. నిలిచిపోతుంది. అడుగున ఉన్న ఉప్పు పైకి తేలుతుంది. నేల చౌడు బారుతుంది. ఒకరు ఆక్రమిస్తే పదిమంది చేలు చెడతాయి.

కాలువ చివరి చేల కష్టం వేరు. పైవాళ్లు మడవ కట్టకుండా వదిలేస్తే కిందివాళ్లకు నీళ్లు అందవు. పూడిక తీయకపోయినా అంతే. ఈ మాటలు చెప్పడానికే నీటి సంఘాలు ఉన్నాయి. వీటికి 1997లో చట్టం వచ్చింది. ఆయకట్టులో భూమి మీ పేరున ఉంటే మీరూ సభ్యులే. మీకూ ఓటుంది. నాట్లు వేసేది, కలుపు తీసేది మనమే కదా! నీళ్ల మాట మనమెందుకు మాట్లాడకూడదు?

మీ ఊరి వంక ఎక్కడ పుట్టింది? ఎక్కడ కలుస్తుంది? ఎక్కడ పూడిపోయింది? చూసి రండి. పలకమీద రాయండి.