నిప్పు ఎగిరొస్తే...

2009 ఫిబ్రవరి 7, శనివారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం. మెల్‌బోర్న్‌లో ఎండ 46.4 డిగ్రీలు. ఉత్తరం నుంచి వడగాలి ఈడ్చి కొడుతోంది. మధ్యాహ్నానికి కాస్త ముందు, నగరానికి ఉత్తరాన కిల్‌మోర్ ఈస్ట్ దగ్గర కరెంటు తీగ ఒకటి తెగింది. ఎండుగడ్డి అంటుకుంది. మంట వెళ్లే దారిలో హ్యూమ్ ఫ్రీవే ఉంది. రాకకు, పోకకు వేర్వేరు దారులున్న వెడల్పాటి రహదారి. తారు మీద కాలడానికి గడ్డిపోచ కూడా ఉండదు కాబట్టి అక్కడితో ఆగాలి. ఆగలేదు. నిప్పురవ్వలు రోడ్డు మీదుగా ఎగిరి అవతల పడ్డాయి. అక్కడి నుంచి మంట మౌంట్ డిసపాయింట్‌మెంట్ కొండల్లోని యూకలిప్టస్ అడవికి అంటుకుంది. ఆ తర్వాత దాన్ని ఆపడం మనుషుల వల్ల కాలేదు.

ఆ రోజు కొన్ని నిప్పుతునకలు అసలు మంటకు 30 కిలోమీటర్లకు పైగా ముందు పడి కొత్త మంటలు పుట్టించాయి. తమ ఊరు ఇంకా దూరంలో ఉందనుకున్నవారికి పెరట్లోనే పొగ లేచింది. రాష్ట్రమంతటా 173 మంది చనిపోయారు. వారిలో 119 మందిని బలిగొన్నది కిల్‌మోర్ ఈస్ట్ మంటే. ఆస్ట్రేలియన్లు ఆ రోజును నేటికీ ‘బ్లాక్ సాటర్‌డే’ అనే తలచుకుంటారు.

అంత దూరం నిప్పు ఎలా వెళ్లింది? జవాబు చాలామటుకు చెట్టు బెరడులో ఉంది. మన జామాయిల్‌కు పుట్టినిల్లు ఆ దేశమే. ఖమ్మం, భద్రాచలం వైపు తోటల్లో తిరిగినవారు ఆ చెట్ల బెరడు పెచ్చులు పెచ్చులుగా ఊడటం చూసే ఉంటారు. విక్టోరియా కొండల్లో దాని చుట్టాలు కొన్నిటికి బెరడు పొడవాటి పేలికలుగా వేలాడుతుంది. ఎండకు గొట్టంలా చుట్టుకుపోతుంది. నిప్పంటుకుంటే పైకి మంట కనిపించకపోయినా లోపల చాలాసేపు రాజుకుంటూనే ఉంటుంది. స్ట్రింగీబార్క్ అనే మరో రకానికి కొబ్బరిపీచులాంటి బెరడు. దాని తునకలు అంత దూరం పోవు. కానీ లెక్కలేనన్ని లేచి, దగ్గర్లోనే చిన్న చిన్న మంటలు పుట్టిస్తాయి. అవన్నీ కలిసి ఒక్కటైతే, వాటి మధ్యలో ఉన్నవారికి పారిపోయే దారి మూసుకుపోతుంది.

కాలే కొమ్మ ముందు పటుత్వం కోల్పోతుంది. అప్పుడు గాలి దాన్ని తేలిగ్గా విరిచేస్తుంది. మంట పైన వేడిగాలి మహావేగంతో పైకి లేస్తూ ఆ తునకను ఆకాశంలోకి మోసుకుపోతుంది. అక్కడి నుంచి అది గాలివాటున సాగుతుంది. ఇక్కడే ప్రకృతిలో ఒక బేరం ఉంది. చిన్న రవ్వ ఎత్తుకు లేస్తుంది కానీ దారిలోనే కాలిపోయి బూడిదవుతుంది. బరువైన ముక్కలో నిప్పు చాలాసేపు నిలుస్తుంది కానీ తొందరగా నేలకు దిగిపోతుంది. తేలిగ్గా, వెడల్పుగా ఉండి నెమ్మదిగా కాలేదే దూరం పోతుంది. బెరడుకు ఈ మూడు గుణాలూ ఉన్నాయి.

దిగినచోటల్లా మంట పుట్టదు. చాలా రవ్వలు పడీపడగానే చల్లారిపోతాయి. ఎండి గలగలలాడే ఆకుల్లో పడితే మాత్రం ఒక్కటి చాలు. ఇల్లు కాలే తీరు మరీ గమనించదగ్గది. గాలి ఎక్కడ సుడి తిరుగుతుందో అక్కడే రవ్వలు కుప్ప పడతాయి. గోడ మూలలో, మెట్ల కింద, చెక్క వరండా పలకల సందుల్లో, కప్పు అంచున వాన నీరు పారే గటర్లో. కప్పు కింది గాలి రంధ్రాల్లోంచి అటకలోకి దూరినవి లోపల్నుంచే ఇంటిని కాలుస్తాయి. మంట దాటిపోయిన గంటల తర్వాత కూడా ఇళ్లు అంటుకోవడం ఇందుకే.

2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణం ఇలాగే బూడిదైంది. ఆ మంటల్లో మొత్తం 85 మంది ప్రాణాలు పోయాయి. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. తర్వాత తీసిన ఫొటోల్లో ఇంటి స్థానంలో బూడిద ఉంది, పక్కనే పైన్ చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. అడవి మంట గోడలా వచ్చి ఊరిని మింగి ఉంటే ఆ చెట్లు మిగిలేవి కావు. రవ్వలు ఇళ్లను అంటించాయి, ఒక ఇల్లు పక్కింటిని అంటించింది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జాక్ కోహెన్ ఈ మాటే దశాబ్దాలుగా చెబుతూ వచ్చారు: ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది ఆ ఇల్లు, దాని చుట్టుపక్కల నేల తేలుస్తాయి. దక్షిణ కరోలినాలోని ఒక పరిశోధన కేంద్రంలో నిజమైన ఇంటినే కట్టి, భారీ ఫ్యాన్లతో దాని మీదికి నిప్పురవ్వలు ఊది పరీక్షించారు. గోడ మొదట్లో పోసిన చెక్క పొట్టు, గటర్లో చేరిన ఎండుటాకులు ఇల్లంతటినీ కాల్చగలవని అందరూ కళ్లారా చూశారు.

మన నల్లమల మంటల తీరు వేరు. అక్కడ ఎక్కువగా కాలేది నేల మీది ఎండుటాకులు, గడ్డి. చెట్ల తలలు అంటుకోవడం తక్కువ, కాబట్టి రవ్వలు కిలోమీటర్ల దూరం ఎగరవు. కానీ ఎగిరే నిప్పు మనకు కొత్త కాదు. వేసవి మధ్యాహ్నం ఒక పూరింటి పొయ్యిలో నిప్పు గాలికి లేస్తే, వీధి వీధంతా తగలబడిన కోస్తా పల్లెలను పాతతరం మరచిపోలేదు. తడి గోనెసంచులతో పక్కింటి కప్పెక్కినవారు చేసిన పని, ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్న పని ఒకటే. రవ్వను రవ్వగా ఉన్నప్పుడే ఆర్పాలి.

కాలిఫోర్నియాలో, మెల్‌బోర్న్ శివార్లలో అడవి అంచున ఇల్లు కొనుక్కున్న తెలుగువారు కూడా ఉన్నారు. నా మనవి ముఖ్యంగా వారికే. ఎండలు ముదరకముందే నిచ్చెన వేసి గటర్లు శుభ్రం చేయండి. గాలి రంధ్రాలకు 2 మిల్లీమీటర్లకు మించని కన్నులున్న లోహపు జాలీ బిగించండి. గోడ నుంచి మీటరున్నర దాకా చెక్క పొట్టు, కట్టెలు, ఎండు మొక్కలు ఉంచకండి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ఇంత చేసినా, ఖాళీ చేయమని అధికారులు చెప్పిన క్షణమే బయల్దేరండి. మంట కనబడేదాకా ఆగకండి. దానికంటే ముందే రవ్వలు మీ వీధికి చేరతాయి.