దడ తగ్గించింది సెలైన్ కాదు

నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, వేళ్లు తిమ్మిరెక్కితే మొదట వినిపించే మాట 'బీపీ డౌన్ అయింది', లేదంటే 'గ్యాస్ పట్టేసింది'. ఆర్‌ఎంపీ సెలైన్ పెడతాడు. సీసా సగం దిగేసరికి మనిషి లేచి కూర్చుంటాడు.

అపోహ: సెలైన్ ఎక్కితేనే తగ్గుతుంది.

వాస్తవం: అది పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచెత్తే తీవ్ర భయం) అయితే సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత తనంతట తానే దిగిపోతుంది. ఆటో దొరికి, ఆర్‌ఎంపీ ఇంటికి చేరి, నరం దొరికేలోపు ఆ పని చాలావరకు అయిపోయే ఉంటుంది. పేరు మాత్రం సీసాకు. డబ్బులు పోతే పోయాయి అనుకోవచ్చు. 'ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేది' అన్న నమ్మకం పాతుకుపోవడమే అసలు నష్టం.

1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త వివరించింది ఈ నమ్మకం పనితీరునే. మెట్లెక్కినా, స్ట్రాంగ్ కాఫీ తాగినా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 'ఆగిపోతోంది' అని మనసు దానికి అర్థం చెబుతుంది. ఆ భయంతో వేగం పెరుగుతుంది, పెరిగిన వేగమే రుజువైపోతుంది.

అపోహ: ఛాతీలో ఏమొచ్చినా భయమేలే.

వాస్తవం: కాదు. మొదటిసారి వచ్చినా, షుగరు, బీపీ ఉన్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా 108కి ఫోన్ చేయాల్సిందే. ఈసీజీ, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకుని, డాక్టరు ఏమీ లేదన్నాకే ఇది పానిక్ అనుకోవాలి. అన్నాక కూడా పదేపదే ఈసీజీ తీయించుకుంటుంటే భయానికి మేత వేసినట్టే.

అపోహ: గట్టిగా గాలి పీలిస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: చుట్టూ మూగినవాళ్లంతా ఇదే చెబుతారు. గాలి అప్పటికే ఎక్కువైంది. వేగంగా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, తిమ్మిర్లు వస్తాయి. నిదానంగా వదలడం మీద దృష్టి పెట్టాలి. కార్బన్ డయాక్సైడ్ పెంచాలని ముక్కుకు కవరు మాత్రం పెట్టొద్దు.

అపోహ: పాడు ఆలోచన రానివ్వకుంటే చాలు.

వాస్తవం: 'ఏం కాదులేప్పా, మనసులో పెట్టుకోవద్దు' అనడం తేలికే. తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ విద్యార్థులకు చెప్పి చూస్తే, వాళ్లకు అదే గుర్తొస్తూ పోయింది (1987). ఆలోచనను తరమకుండా నిలదీయాలి. 'నంద్యాల బస్సులో పడి చచ్చిపోతా' అని కాగితం మీద రాయండి. ఇలా ఎన్నిసార్లు అనిపించింది, ఎన్నిసార్లు అయింది? పక్కనే రాయండి. ఇక ధైర్యం కోసం వెతుక్కునే డోరు పక్క సీటు, చేతిలో నీళ్ల సీసా, జేబులో మాత్ర... ఇవన్నీ సెలైన్‌కు తమ్ముళ్లే. ముందు ఒక స్టాపు దాకా, తర్వాత ఇంకాస్త దూరం వాటిని వదిలి వెళ్లి చూడాలి. దడ వస్తుంది, పోతుంది.

అపోహ: పిచ్చి మందులు, ఒకసారి మొదలుపెడితే అంతే.

వాస్తవం: అలవాటు పడేది ఆల్ప్రజోలం లాంటి మాత్రలకు. చీటీ లేకుండా కొని మింగేది ఎక్కువగా వాటినే! డాక్టర్లు దీర్ఘకాలానికి రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు అలాంటివి కావు. కాకపోతే పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఉన్నపళంగా ఆపకూడదు. మానసిక డాక్టరు దగ్గర కనిపిస్తే ఊళ్లో ఏమనుకుంటారో అని వెనకాడేవాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరది. ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.