వంగీ వంగని బాణం

ఒలింపిక్స్‌లో రికర్వ్ విలుకాళ్లు నిలబడే గీతకూ లక్ష్యానికీ మధ్య దూరం 70 మీటర్లు. పది పాయింట్లు తెచ్చే నడిమి వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ 72 బాణాలకు 681 పాయింట్లు సాధించి నాలుగో స్థానంలో నిలిచాడు. అంటే సగటున బాణానికి దాదాపు తొమ్మిదిన్నర. అందులో సింహభాగం చేతిదీ కంటిదీ మనసుదీ. మిగిలిన వాటా మాత్రం బాణం పుల్లదే.

ఆ పుల్ల పెన్సిల్ కన్నా సన్నం. మొన, ఈకలు అన్నీ కలిపినా 20 గ్రాముల పైచిలుకు తూగుతుంది. తాడు వదలగానే వెనక నుంచి ఒక్కసారిగా తోపు పడుతుంది. ముందున్న మొన బరువు కదలడానికి మొరాయిస్తుంది. ఈ రెంటి మధ్యా నలిగి పుల్ల వంగుతుంది. తర్వాత అటూ ఇటూ ఊగుతూ విల్లు పక్క నుంచి తప్పుకుని, కాసేపటికి నిటారై, గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది. స్లో మోషన్ వీడియో చూడనివారికి ఇది నమ్మశక్యం కాదు. ఎక్కువ వంగినా, తక్కువ వంగినా పుల్ల విల్లును రాసుకుని గురి తప్పుతుంది. బాణం అసలు వంగకూడదని కాదు, కావలసినంతే వంగాలి. డజను బాణాలుంటే డజనూ ఒకేలా వంగాలి.

దీన్ని కొలిచే పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలు పెట్టి పుల్లను వాటి మీద పడుకోబెడతారు. సరిగ్గా నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. నడుము అర అంగుళం కుంగితే ఆ పుల్ల నంబరు 500. దానికన్నా తక్కువ కుంగితే నంబరు తగ్గుతుంది, అంటే పుల్ల మరింత గట్టిదన్నమాట. క్రీడాకారులు దీన్ని ‘స్పైన్’ అంటారు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో దూలాన్ని పరీక్షించేదీ ఈ తీరుగానే. బాణం నిజానికి ఎగిరే దూలం.

దూలాన్ని తేలిగ్గా, గట్టిగా చేయడానికి ఇంజినీర్ల దగ్గర పాత కిటుకు ఒకటుంది. వంపును అడ్డుకునేది ముఖ్యంగా అంచుల్లో ఉన్న పదార్థమే. నడిమధ్యన ఉన్నది ఊరికే బరువు. కాబట్టి మధ్యలోది తీసేసి గొట్టం చేస్తారు. పల్చటి గొట్టాన్ని, బరువు పెంచకుండా, రెట్టింపు వ్యాసంతో చేస్తే వంగని గుణం నాలుగు రెట్లవుతుంది. వెదురు ఈ పని ఎప్పటి నుంచో చేస్తోంది. లోపల బోలు, పీచంతా బయటి పెచ్చు వైపే దట్టంగా ఉంటుంది.

బాణానికి ఈ కిటుకు కొంతవరకే పనికొస్తుంది. లావెక్కితే గాలి అడ్డుకుంటుంది, పక్కగాలి నెట్టేస్తుంది. సన్నగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, గట్టిగానూ ఉండాలి. ఇక మార్చగలిగింది పదార్థం ఒక్కటే.

లోహాలు ఇక్కడ చేతులెత్తేస్తాయి. అల్యూమినియం ఉక్కులో మూడో వంతు బరువే, కానీ దాని గట్టిదనమూ మూడో వంతే. టైటానియం లెక్కా ఇంచుమించు అంతే. బరువుకు తగ్గ గట్టిదనం చూస్తే మూడూ ఒకే వరసలో నిలుస్తాయి. ఆ వరసను దాటింది కార్బన్ ఫైబర్. పోగులన్నీ ఒకే దిశలో పరిచి ఎపాక్సీ జిగురుతో అతికించిన పలక ఉక్కులో అయిదో వంతు బరువుంటుంది. గట్టిదనంలో మాత్రం ఉక్కుకు మూడింట రెండు వంతులు. అంటే బరువుకు బరువు చూస్తే మూడింతలకు పైనే.

కాల్చిన వెదురు పోగును ఎడిసన్ తన దీపాల్లో 1880లోనే వాడాడు. అది వెలగడానికి పనికొచ్చింది కానీ బరువు మోయలేదు. 1958లో అమెరికాలో రోజర్ బేకన్ కార్బన్ పోగుల సత్తా ఎంతో చూపించాడు. తర్వాత జపాన్‌లో అకియో షిండో దారి మార్చి, చవక స్వెట్టర్లకు వాడే అక్రిలిక్ జాతి పోగును కాల్చాడు. బ్రిటన్‌లోని ఫార్న్‌బరో పరిశోధకులు 1960ల్లో దానికి అసలు మెరుగు దిద్దారు. వేడిచేసేటప్పుడు పోగు ముడుచుకోకుండా లాగి పట్టుకోవాలి. అప్పుడే లోపలి కార్బన్ పొరలు నిలువునా సర్దుకుంటాయి.

ఈ గట్టిదనమంతా పోగు పొడవునా మాత్రమే. అడ్డంగా చూస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. అందుకే బాణం పుల్ల (షాఫ్టు) చేసేవాళ్ల విద్యంతా పోగును ఏ కోణంలో పరచాలన్న దాంట్లోనే ఉంది. వంపు ఆపాలంటే పొడవునా, మెలి ఆపాలంటే 45 డిగ్రీల ఏటవాలుగా రెండు వైపులా, నొక్కుకు గొట్టం చప్పిడి కాకుండా చుట్టూరా పరవాలి. జిగురు పట్టించిన కార్బన్ గుడ్డను ఆ కోణాల్లో కత్తిరించి, నున్నటి ఉక్కు కడ్డీ మీద బిగించి చుడతారు. పైన వేడికి ముడుచుకునే టేపు చుట్టి ఓవెన్‌లో పెడతారు. టేపు బిగుసుకుని పొరల మధ్య గాలిని వెళ్లగొడుతుంది. చల్లారాక కడ్డీని లాగేసి, టేపు వదిలిన గీతల్ని సానపడతారు. తయారైన గొట్టం నల్లగా నిగనిగలాడుతుంది.

ఈస్టన్ కంపెనీ బాణంలో లోహాన్ని పూర్తిగా వదల్లేదు. పల్చటి అల్యూమినియం గొట్టం మీద కార్బన్ పొర అతికించింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆ తరహా బాణాలు కనిపించాయి. 1996 అట్లాంటా నాటికి ఎక్స్10 వచ్చింది. దాని నడుము కాస్త లావు, రెండు కొసలూ సన్నం. గట్టిదనం ఎక్కడ కావాలో అక్కడే ఉంచారు. అగ్రశ్రేణి పోటీల్లో నేటికీ దానిదే రాజ్యం.

ఇదే లెక్క లారీ కిందా ఉంది. ధీరజ్ ఊళ్లోనే ఉన్న ఆటోనగర్‌లో ఏ మెకానిక్‌ని అడిగినా చెబుతాడు, పొడవాటి బండ్లలో ఇంజిన్ తిప్పుడును వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలుగా, నడుమ సెంటర్ బేరింగ్‌తో ఉంటుందని. ఉక్కు షాఫ్టు పొడవు రెట్టింపైతే, అది ఊగిసలాడడం మొదలెట్టే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఆ ముక్కలు. పోగులూ జిగురూ కలిపి చేసిన, తేలికైన, గట్టిదైన కాంపోజిట్ గొట్టమైతే ఒక్క ముక్కతో పని జరుగుతుంది. 1985లో ఫోర్డ్ ఎకోనోలైన్ వ్యాన్లకు అలాంటిది బిగించారు. అయినా మన లారీల్లోకి అది రాలేదంటే ధరే అడ్డం.

బరువు తగ్గడం అంటే ఏమిటో హైదరాబాద్‌కు ఎప్పుడో తెలుసు. నిమ్స్ ఆస్పత్రి పిల్లలు నడకకు ఆసరాగా కాళ్లకు బిగించిన, మూడు కిలోలకు పైగా ఉన్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం బృందం క్షిపణి పరిజ్ఞానంతో సుమారు 300 గ్రాముల కాంపోజిట్ కాలిపర్లు చేసిచ్చింది. తనకు అమిత ఆనందమిచ్చిన పనుల్లో అదొకటని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు.

ఇంత గొప్ప పదార్థానికి దెబ్బ తగిలితే దాచుకునే గుణం ఉంది. ఉక్కు వంగి చూపిస్తుంది, అల్యూమినియం సొట్టపడి చూపిస్తుంది. కార్బన్ పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోతుంది. రోల్స్‌రాయిస్ తన ఆర్‌బీ211 విమాన ఇంజిన్‌కు కార్బన్ ఫ్యాన్ రెక్కలు చేసింది. పక్షి తాకిడి పరీక్షలో అవి తట్టుకోలేకపోవడంతో టైటానియానికి మళ్లింది. 1971లో కంపెనీ దివాలా తీయడానికి ఉన్న కారణాల్లో ఆ ఇంజిన్ ఖర్చూ ఒకటి.

పిల్లల్ని విలువిద్య అకాడమీల్లో చేర్చిన తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసింది ఇదే. బాణం రాతికో, ఇంకో బాణానికో తగిలితే, మళ్లీ తాడుకు ఎక్కించే ముందు రెండు కొసలూ పట్టుకుని, ముఖానికి దూరంగా మెల్లగా వంచమనండి. కాస్త కాస్త తిప్పుతూ నాలుగు వైపులా వంచాలి. చిటపటమన్నా, గోటికి పగులు తగిలినా దాన్ని విరిచి పారేయించండి. పగిలిన కార్బన్ పుల్ల తాడు వదిలిన క్షణంలో విరిగితే, ఆ చీలికలు దిగేది విల్లు పట్టిన చేతిలోకే.