బేరం కుదుర్చుకోవడం వచ్చా?

కాలేజీ ఫెస్ట్‌కు 300 టీషర్టులు వేయించాలి. ఆ బాధ్యత మీమీద పెట్టారు. ప్రింటింగ్ షాపాయన ఒక్కోటి 250 రూపాయలన్నాడు. మీరు 180 అన్నారు. ఆయన 240కి దిగాడు, మీరు 200కి ఎక్కారు. చివరికి 220 దగ్గర ఇద్దరూ అలిసిపోయి ఆగారు. బయటికొచ్చి 'ముప్ఫై రూపాయలు తగ్గించాం' అని ఫ్రెండ్స్‌కు చెప్పుకొన్నారు. బాగానే ఉంది. కానీ 'ఖర్చు ఎక్కడ ఎక్కువ పడుతోందండీ?' అని ఆయన్ని ఒక్క మాట అడిగారా?

అడిగుంటే చెప్పేవాడు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకూ విడిగా ఒక్కో స్క్రీన్ తయారుచేయాలి. మీ లోగోలో నాలుగు రంగులున్నాయి. రెండింటికి కుదిస్తే ఆయనకు ఖర్చూ తగ్గుతుంది, పనీ తగ్గుతుంది. ఫెస్ట్‌కు రెండు రోజుల ముందు హడావుడిగా కాకుండా రెండు వారాల ముందే ఆర్డరిచ్చి, సగం డబ్బు అడ్వాన్సుగా పెడితే ఇంకాస్త దిగొచ్చే అవకాశం ఉంటుంది. ఆయన లాభానికి గండి పడకుండానే మీకు ధర తగ్గుతుంది.

కంపెనీలు 'నెగోషియేషన్ స్కిల్స్' అని అడిగేది దీన్నే. సేల్స్, పర్చేజ్, బిజినెస్ డెవలప్‌మెంట్ లాంటి ఉద్యోగాల్లో చేరితే మొదటి ఏడాదిలోనే దీంతో పని పడుతుంది. ఫ్రీలాన్సింగ్ చేసేవాళ్లకైతే మొదటి వారమే!

'ఎంత' కంటే ముందు 'ఎందుకు'

రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో రాసిన 'గెటింగ్ టు యెస్' పుస్తకాన్ని బిజినెస్ స్కూళ్లలో ఇప్పటికీ చదివిస్తున్నారు. అవతలివాళ్లు అడుగుతున్నది వేరు, వాళ్లకు నిజంగా కావాల్సింది వేరు కావొచ్చు, ఆ రెండోదాన్ని పట్టుకోమన్నది అందులోని ముఖ్యమైన సూత్రం.

పెద్ద ఒప్పందాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 2008లో టాటా మోటార్స్ జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను ఫోర్డ్ నుంచి 230 కోట్ల డాలర్లకు కొంది. పత్రికల హెడ్డింగుల్లో ఆ అంకె ఒక్కటే కనిపించింది. ఒప్పందంలో మాత్రం ఇంకా చాలా ఉన్నాయి. ఉద్యోగుల పెన్షన్ నిధులకు ఫోర్డే దాదాపు 60 కోట్ల డాలర్లు జమ చేసేలా మాట్లాడుకున్నారు. ఇంజిన్లు, విడిభాగాల సరఫరా కూడా ఫోర్డ్ కొనసాగించేలా కుదుర్చుకున్నారు. కొన్న మర్నాడే ఇంజిన్లు ఆగిపోతే కార్ల కంపెనీ చేతికొచ్చి ఏం లాభం?

లేచి వచ్చేయగలరా?

ఈ బేరం కుదరకపోతే మీ దారేమిటి? దీనికి జవాబు సిద్ధంగా ఉన్నవాళ్లు కుర్చీలో స్థిమితంగా కూర్చుంటారు. ఫిషర్, యూరీ దీనికి 'బాట్నా' అని పేరు పెట్టారు. మనవాళ్లు సంతలో నాలుగు కొట్లు తిరిగి ధర కనుక్కుని మళ్లీ మొదటి కొట్టుకు వస్తారు చూడండి, అదే ఇది. అందుకే మీటింగ్‌కు వెళ్లే ముందు ఇంకో ఇద్దరి కొటేషన్లు తెచ్చుకోండి. ఏ ధర దాటితే లేచి వచ్చేస్తారో కాగితం మీద రాసుకోండి. లోపలికెళ్లాక ఆ వేడిలో అది గుర్తుండదు.

ఎంత పెద్దవాళ్లకైనా ఈ వేడి తప్పదు. బ్రిటన్ ఉక్కు కంపెనీ కోరస్‌కు 2006 అక్టోబరులో టాటా స్టీల్ ఇస్తామన్నది షేరుకు 455 పెన్స్. బ్రెజిల్‌కు చెందిన సీఎస్‌ఎన్ పోటీకి దిగింది. 2007 జనవరి చివర్లో జరిగిన వేలంలో సీఎస్‌ఎన్ 603 దగ్గర ఆగితే, టాటా 608 పెన్స్‌కు దక్కించుకుంది. మరుసటి ఏడాదే ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి ఉక్కుకు గిరాకీ పడిపోయింది. మాంద్యాన్ని ముందే ఊహించడం కష్టమే. కానీ పోటీలో ధర ఎలా ఎగబాకుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

డబ్బు ఎప్పుడొస్తుంది?

కొత్తగా సేల్స్‌లో చేరినవాళ్లు ఎక్కువగా వదిలేసేది చెల్లింపు గడువునే. 10 లక్షల రూపాయల సరుకు అమ్మారనుకుందాం. కొనుగోలుదారు ధర తగ్గించమనలేదు, '30 రోజుల బదులు 90 రోజులకు ఇస్తాం' అన్నాడంతే. మీరు సంతోషంగా ఒప్పేసుకున్నారు. మీ కంపెనీ 12 శాతం వడ్డీకి బ్యాంకు అప్పుతో నడుస్తుంటే, ఆ అదనపు 60 రోజులకు దాదాపు 19,700 రూపాయలు వడ్డీకే పోతాయి. అంటే మీకు తెలియకుండానే రెండు శాతం డిస్కౌంట్ ఇచ్చేశారు!

ఇక్కడ చట్టమూ తెలిసుండాలి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు లేదా సేవ తీసుకున్నవాళ్లు 45 రోజులకు మించి గడువు పెట్టుకోకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చెల్లించాలి. పెద్ద కస్టమర్ చేజారిపోతాడన్న భయంతో చాలా చిన్న సంస్థలు ఈ వడ్డీ ఊసే ఎత్తవు. అది వేరే కథ. ఒప్పందం రాసుకునేటప్పుడైనా ఈ నిబంధనను మర్యాదగా ప్రస్తావించొచ్చు. గొడవయ్యాక తీసేకంటే అది చాలా నయం.

మరి ప్రాక్టీస్ ఎలా? ఇద్దరు ఫ్రెండ్స్‌ను కూర్చోబెట్టి ఒకరిని కొనేవాడిగా, ఒకరిని అమ్మేవాడిగా పెట్టండి. ఎవరి రహస్య ధర వాళ్లకు చీటీలో రాసివ్వండి. పది నిమిషాలు టైమివ్వండి. మీ ధర చెప్పాక వెంటనే 'కాస్త అటూ ఇటూ చేద్దాంలెండి' అని మీరే దిగిపోతున్నారేమో చూసుకోండి. మొహమాటస్థులకు ఇదే పెద్ద జబ్బు. ధర చెప్పి ఊరుకోండి, అవతలివాళ్లను మాట్లాడనివ్వండి. ఒకటి తగ్గించాల్సి వస్తే బదులుగా ఇంకోటి అడగండి: 'ధర తగ్గిస్తాం, ఆర్డరు 500 చేస్తారా?' లేని కొటేషన్‌ను ఉన్నట్టు మాత్రం చెప్పొద్దు. ఒకే రంగంలో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు, దొరికిపోతారు.

మరి మీ మొదటి ఆఫర్ లెటర్ సంగతి? క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో అందరికీ ఒకే ప్యాకేజీ ఇచ్చే కంపెనీలే ఎక్కువ కాబట్టి సీటీసీ మీద పట్టుపట్టి పెద్దగా ప్రయోజనం ఉండదు. కానీ అడగందే అమ్మైనా పెట్టదు. సీటీసీలో నెలనెలా చేతికొచ్చేదెంత, పనితీరును బట్టి ఇచ్చేదెంత? ఏ ఊళ్లో పోస్టింగ్? పరీక్షలుంటే జాయినింగ్ తేదీ రెండు వారాలు జరుపుతారా? బాండ్ ఉంటే ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను ఇవన్నీ అడగండి. ఫోన్‌లో చెప్పిన జవాబుల్ని అదే రోజు మెయిల్‌లో రాసి, 'సరిగ్గానే అర్థం చేసుకున్నానా?' అని పంపండి.