పేరుకన్నా షరతు ముఖ్యం

గోడకు బిగించే ఇనుప బ్రాకెట్ ఒకటి ఉందనుకోండి. వెనక పలకకు నాలుగు బోల్టు రంధ్రాలు, ముందుకు చాచిన చేయి. దాని మీద 1000 న్యూటన్ల బరువు పెడితే ఏమవుతుందో కంప్యూటర్‌లో చూడాలి. అందుకు ముందుగా ఎక్కడ కదలకుండా పట్టి ఉంచాలో, ఎక్కడ బరువు పడుతుందో మనం చూపించాలి. సెలెక్షన్ అంటే ఇదే.

నాలుగు రంధ్రాల మీద మౌస్‌తో నొక్కితే పోలేదా? చిన్న పనికైతే చాలు. కానీ డిజైన్ ఒక్కసారితో ఆగదు. రేపు ఐదో రంధ్రం వస్తుంది, పలక మందం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ లోపల ప్రతి ముఖానికీ, అంటే వస్తువు ఉపరితలంలోని ఒక్కో భాగానికీ, ఒక నంబరుంటుంది. ఆకారం మారితే అదీ మారొచ్చు. అప్పుడు నిన్న పెట్టిన బిగింపు ఊడిపోవచ్చు, లేదా వేరే ముఖానికి అంటుకోవచ్చు.

అందుకే ముఖాలను గుంపు కట్టి పేరు పెడతారు. యాన్సిస్ మెకానికల్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నేమ్డ్ సెలెక్షన్ అంటారు, అబాకస్‌లో సెట్. ‘సెలెక్షన్ 3’ లాంటి పేర్లు ఆరు నెలల తర్వాత పెట్టినవాళ్లకే అర్థం కావు. ‘బోల్టు_రంధ్రాలు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. అయితే పేరొక్కటే కాపాడదు. గుంపును చేత్తో ఏరే బదులు షరతుతో కట్టాలి. యాన్సిస్‌లో ‘వ్యాసార్థం 5 మిల్లీమీటర్లున్న ముఖాలన్నీ’ అని చెప్పొచ్చు. ఐదో రంధ్రం వచ్చాక గుంపును మళ్లీ తయారు చేయిస్తే అదీ వచ్చి చేరుతుంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. చేయి పలకను కలిసే మూలను గుండ్రంగా మలుస్తారు కదా, ఆ వంపు వ్యాసార్థం కూడా 5 మిల్లీమీటర్లే అయితే అదీ గుంపులో దూరుతుంది. ఒత్తిడి ఎక్కువగా చేరేది అక్కడే. ఆ మూలనే కదలకుండా బిగించేస్తే చేయి అసలు కన్నా గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ‘పలక మందం లోపల ఉన్నవి మాత్రమే’ అని రెండో షరతుతో వడకట్టాలి. ఆపైన గుంపులో ఎన్ని ముఖాలున్నాయో చూడాలి. నాలుగుకు బదులు ఎనిమిది కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కొన్ని డిజైన్ ఫైళ్లలో రంధ్రం లోపలి గోడ రెండు సగాలుగా వస్తుంది.

బరువు పెట్టేచోట ఇంకో ఉచ్చు. మోడల్‌ను చిన్న ముక్కలుగా కోసినప్పుడు ఆ ముక్కల మూలల్లో ఉండే బిందువులే నోడ్లు. యాన్సిస్‌లో ముఖాల మీద 1000 న్యూటన్లంటే అది మొత్తం బలం, ముఖాలన్నిటికీ పంచుతుంది. అబాకస్‌లో నోడ్ల సెట్ మీద బిందు బలం పెడితే, రాసిన అంకె ప్రతి నోడ్‌కూ విడివిడిగా పడుతుంది. 40 నోడ్లున్నాయని తలా 25 రాశారనుకోండి, మొత్తం 1000. మెష్‌ను, అంటే ఆ ముక్కల అల్లికను, ఇంకా సన్నం చేశాక అదే సెట్‌లోకి 90 నోడ్లొస్తే 2250 అవుతుంది. ఎర్రర్ రాదు, రంగుల బొమ్మ ముచ్చటగానే వస్తుంది. అందుకే ఆ బొమ్మకన్నా ముందు బిగింపు దగ్గర వచ్చిన ప్రతిచర్య బలాల మొత్తం చూడండి. 1000 రాకపోతే ఆ బొమ్మతో పనిలేదు, గుంపులు తెరవండి.