పాఠం ముందే, పద్దు తర్వాతే

ఖరగ్‌పూర్‌కు తెలుగువారిని రప్పించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1951లో అదే ఊళ్లో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో దేశంలోని తొలి ఐఐటి వెలిసింది. రైల్వే క్వార్టర్ల పిల్లలు అక్కడ బిటెక్ చదవాలంటే దశాబ్దాలుగా ప్రవేశ పరీక్ష గట్టెక్కాల్సిందే.

పాఠాలు మాత్రం గేటు దాటి వచ్చేశాయి. ఏడు ఐఐటిలు, బెంగుళూరు ఐఐఎస్‌సి కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పిటిఇఎల్ కోర్సుల్లో ఎవరైనా ఉచితంగా చేరొచ్చు. ఫీజు కట్టి పరీక్ష రాసి నెగ్గితే సర్టిఫికెట్ వస్తుంది. ప్లస్ టూ విద్యార్థికీ అడ్డులేదు.

చిక్కల్లా ఆ తర్వాతే. అమెరికాలో 1950ల నుంచీ ఉన్న అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో మంచి మార్కులొస్తే చాలా కాలేజీలు క్రెడిట్లు ఇస్తాయి. ఆ మేరకు ఫీజు, సమయం మిగులుతాయి. ఇక్కడ 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడినీ కాలేజీనీ ఒకే నిచ్చెన మీదికి తెచ్చింది. 30 గంటల చదువుకు ఒక క్రెడిట్, ఏడాదికి 40. 12వ తరగతిది 4వ మెట్టు, డిగ్రీ తొలి ఏడాదిది 4.5.

ఆ అర మెట్టును బడిలో ఉండగానే ఎక్కినవారికి లెక్క కట్టాలా, వద్దా అన్నది చేరబోయే విశ్వవిద్యాలయం ఇష్టం. అది ముందే మాట ఇవ్వనంత కాలం, నెల జీతంతో నెట్టుకొచ్చే ఇంటికి ఆ కోర్సు విద్యను ఇస్తుందే తప్ప ఒక్క సెమిస్టర్ ఫీజునూ తగ్గించదు.