పాత కారుకు కొత్త వెలుగు: అరకొర మార్పుతో ముప్పు

విజయవాడ: ఇంజను వేగం తగ్గితే హెడ్‌లైట్లు ఎర్రబడతాయి. వాన పడితే స్టార్టు కానని మొరాయిస్తుంది. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతుంది. పాత అంబాసిడర్ ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాటలివి. ఒకపక్క కాలువ, మరోపక్క పొలం ఉండే డెల్టా గట్ల రోడ్లపై రాత్రివేళ లైటు మసకబారడం చిన్న సంగతి కాదు.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. అయినా తండ్రి కొన్న కారును అపురూపంగా దాచుకున్నవారు ఉన్నారు. లారీ బాడీలకు పేరుపడిన విజయవాడ ఆటోనగర్‌ ఇలాంటి బండ్లకూ పుట్టినిల్లే.

లోపం ఎక్కడ?

పాత మోడళ్లలో బ్యాటరీని ఛార్జి చేసేది డైనమో. ఫ్యాన్‌బెల్టుతో తిరిగే ఈ యంత్రం ఇంజను జోరుగా ఉన్నప్పుడే సరిపడా కరెంటు ఇస్తుంది. గేటు దగ్గర ఆగితే లైట్లు, హారను, వైపరు అన్నీ బ్యాటరీనే తోడేస్తాయి. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా కటౌట్ అడ్డుకుంటుంది. దాని పాయింట్లు అతుక్కుపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. వైర్లు కాలే ప్రమాదమూ ఉంది.

ఈ బాధ కారు పుట్టినప్పటిదే. తొలినాళ్లలో కార్బైడ్‌పై నీటిచుక్కలు పడితే వచ్చే గ్యాసుతో దీపాలు వెలిగించేవారు. హ్యాండిలు తిప్పి ఇంజను స్టార్టు చేసేవారు. 1912 మోడల్ కాడిలాక్ కారుతో ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. ఫోర్డ్ మోడల్ టి కి 1915లో కరెంటు హెడ్‌లైట్లు పెట్టినా, ఇంజను నెమ్మదిస్తే వెలుతురు తగ్గేది. 1960లో అమెరికాలో క్రైస్లర్ సంస్థ తన వాలియంట్ కారుకు ఆల్టర్నేటర్ అమర్చింది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా ఛార్జి ఇవ్వడం దీని గుణం.

మార్చేముందు

డైనమో తీసి ఆల్టర్నేటర్ బిగిస్తే సరిపోదు. కొన్ని పాత కార్లలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి ఎర్త్ చేశారు. దాన్ని మైనస్ ఎర్త్‌కు మార్చకుండా ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు క్షణంలో మాడిపోతాయి. పాత కటౌట్ పెట్టెను సర్క్యూట్ నుంచి తప్పించాలి. ఎక్కువ కరెంటును మోయగలిగిన లావు వైరు వేసి, దానికి తగిన ఫ్యూజు పెట్టాలి. డ్యాష్‌బోర్డుపై ఆంపియర్ మీటరు ఉంటే అది అంత కరెంటుకు తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి.

హెడ్‌లైట్ల కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ గుండా పోయే కార్లలో, దారిలోనే కొంత శక్తి నష్టమవుతుంది. రిలే పెడితే స్విచ్‌పై భారం తగ్గి, బల్బుకు పూర్తి కరెంటు అందుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే మార్పు ఇదే.

పాయింట్ల సంగతి

డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల మధ్య ఖాళీ సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అవి కాలి, అరిగితే నిప్పురవ్వ బలహీనపడుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చుకుంటే ఈ బెడద తప్పుతుంది. అయితే అది దారిలో చెడిపోతే గీకి సరిచేసే వీలుండదు. అందుకే తీసేసిన పాయింట్లు, కండెన్సర్ డిక్కీలో ఉంచుకోవడం మంచిది. వానాకాలంలో డిస్ట్రిబ్యూటరు మూతను పొడిగుడ్డతో తుడిస్తే సగం మొరాయింపు తీరుతుంది.

సొంత కార్లకు 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కారు అప్పటికి రోడ్డుకు పనికివచ్చేలా ఉండాలి. నేటి కార్లలో పాయింట్లూ లేవు, కటౌటూ లేదు. కొత్తగా పనిలో చేరిన కుర్రవాడికి అవి కంటబడడమే అరుదు. తెలిసిన చేతులు ఉండగానే పాత బండ్లకు వైరింగ్ చేయించుకోవడం, పక్కన ఓ కుర్రవాడిని నిలబెట్టి ఆ పని నేర్పించడం అవసరం.